46.80 పక్కనున్న అక్షరం: ఒక బుల్లెట్ వర్కౌట్ కేసు

ఫోన్ వచ్చింది రేసుకు ముందు రోజు రాత్రి. అవతల ఉన్నాయన రిటైరైన ఇంజినీరు. ఆరేళ్లుగా నా నోట్స్ తెప్పించుకుని శ్రద్ధగా చదువుతారు, చదివాక తనకు తోచిన గుర్రం మీదే పందెం కాస్తారు. నాకు తెలిసి నా మాట విన్నది రెండు మూడు సార్లే.

“ఏం తమ్ముడూ, నాలుగో నంబరు బుల్లెట్ కొట్టింది చూశావా?”

“చూశాను సార్.”

“యాభై రెండు గుర్రాల్లో ఫస్టు. నాలుగు ఫర్లాంగులు 46.80. నువ్వేమో ‘అనుమానమే’ అని రాశావు. ముందు ఆ కళ్లజోడు మార్చుకో.”

నా పని పొద్దుటి పూట గుర్రాల వర్కౌట్ రిపోర్టులు, అంటే సాధన పరుగుల టైములు, చదివి, రేసుకు ముందు ఒక్కో గుర్రం గురించి నాలుగైదు వాక్యాలు రాయడం. నేను నోట్స్ రాసే రేసుల మీద పందెం కాయను. డబ్బు పెట్టిన గుర్రం వీడియోలో ఎప్పుడూ బాగానే పరిగెత్తినట్టు కనిపిస్తుంది, అందుకని.

ఇది ఒక అమెరికన్ డర్ట్ (మట్టి) ట్రాక్ మీద జరిగిన 7 ఫర్లాంగుల రేసు. తొమ్మిది గుర్రాలు. వాటిలో మూడింటి సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఒకదాని విషయంలో నా అంచనా నిలబడింది, ఒకదాని విషయంలో సగమే నిలబడింది, మూడోదాన్ని నేను అసలు చూడనే లేదు. గెలిచింది అదే.

ఆ ఒక్క లైను

సార్‌ని అంతగా ఊపేసిన లైన్ ఇది: నల్ల చుక్క, తర్వాత 4 ఎఫ్, 46.80, హెచ్, 1/52. కొత్తవాళ్లకు చిక్కుముడిలా ఉంటుంది కానీ విప్పితే ఏమీ లేదు. ఎఫ్ అంటే ఫర్లాంగ్. మైలులో ఎనిమిదో వంతు, 220 గజాలు, మీటర్లలో సుమారు 201. నాలుగు ఫర్లాంగులు అంటే అర మైలు. డర్ట్ ట్రాక్ దగ్గర తిరిగేవాళ్లందరికీ నోటికి వచ్చిన కొలత ఒకటుంది: ఫర్లాంగ్‌కి 12 సెకన్లు. ఆ లెక్కన అర మైలుకి 48 సెకన్లు వస్తే మంచి వర్క్. 46.80 అంటే నిజంగానే జోరుగా పరిగెత్తినట్టు.

1/52 అంటే ఆ పొద్దున ఆ ట్రాక్ మీద ఆ దూరం పరిగెత్తిన 52 గుర్రాల్లో ఇదే ఫస్టు. అలా ఫస్టొచ్చిన గుర్రానికి రిపోర్టులో నల్ల చుక్క పెడతారు. తుపాకీ గుండులా ఉంటుంది కాబట్టి బుల్లెట్ అన్నారు. ఆ చుక్కకు ఉన్న అర్థం అంతే. మిగతా 51 గుర్రాల్లో ఇంకా రేసు మొహం చూడని రెండేళ్ల పిల్లలు ఎన్నో, జబ్బు పడి లేచి మెల్లగా కాళ్లు సాగదీస్తున్నవి ఎన్నో, వేగంగా పోనివ్వొద్దని ట్రైనర్ గట్టిగా చెప్పి పంపినవి ఎన్నో చుక్క చెప్పదు. పోటీ అని ఎవరూ అనుకోని చోట ఫస్టు రావడం అది.

పైగా ఆ చుక్క అందరికీ కనబడుతుంది. అక్కడి పందెం పూల్ పద్ధతిలో ఉంటుంది. ఆడ్స్, అంటే గెలిస్తే పెట్టినదానికి ఎంత లాభం అనే లెక్క, తేల్చేది పందెంగాళ్లు పెట్టే డబ్బే. చుక్క చూసి వందమంది దాని మీద పడితే, ఆ చుక్కకు ఉన్న కాస్త విలువా ఆడ్స్‌లోనే కరిగిపోతుంది. ఈ నాలుగో నంబరు ట్రాక్ వాళ్ల తొలి అంచనాలో 6-1 (ఒకటికి ఆరు) ఉంది. గేటు తెరిచే సమయానికి 5-2 (రెండుకి అయిదు) కి దిగింది.

నోట్స్‌లో నేను ‘అనుమానమే’ అన్నది టైము చూసి కాదు. దాని వెనకనున్న లైన్లు చూసి.

ఇరవై మూడు రోజుల ఖాళీ

నాలుగో నంబరు నాలుగేళ్ల గెల్డింగ్, అంటే విత్తులు కొట్టిన మగ గుర్రం. అయిదు నెలలకు పైగా రేసు లేదు. ఇలా ఎక్కువ రోజులు ఆగి వచ్చే గుర్రం విషయంలో మనకున్న ఆధారం పొద్దుటి పని ఒక్కటే కాబట్టి పాత లైన్ నుంచి కొత్త లైన్‌కి చదువుకుంటూ రావాలి. చాలామంది పై నుంచి కిందకి చదువుతారు. రిపోర్టులో తాజా లైన్ ముందుంటుంది కాబట్టి చుక్క దగ్గరే కళ్లు ఆగిపోతాయి.

కింద నుంచి చదివితే ఇలా ఉంది. రేసుకు 58 రోజుల ముందు 3 ఫర్లాంగులు 38.40. వారం తర్వాత 4 ఫర్లాంగులు 50.60. ఇంకో వారానికి అదే దూరం 49.80. మరో వారానికి, అంటే రేసుకు 37 రోజుల ముందు, 5 ఫర్లాంగులు 1:02.40. నాలుగింటికీ పక్కన బి అక్షరమే (దాని అర్థం కాసేపట్లో). ఇది చక్కటి కట్టుబడి. దూరం మెట్టు మెట్టుగా పెరుగుతోంది, వారం తప్పడం లేదు, తొందర లేదు. ట్రైనర్ పునాది వేస్తున్నాడని చెప్పకనే తెలుస్తోంది.

ఆ తర్వాత ఏమీ లేదు. 23 రోజులు.

రేసుకు 14 రోజుల ముందు మళ్లీ కనిపించింది, 4 ఫర్లాంగులు 50.20. అంటే అయిదు ఫర్లాంగుల దాకా ఎక్కిన గుర్రం మళ్లీ నాలుక్కి దిగింది. తొమ్మిది రోజుల తర్వాత, రేసుకు అయిదు రోజుల ముందు, ఈ బుల్లెట్.

వారానికోసారి పని చేయించే ట్రైనర్ దగ్గర 23 రోజుల ఖాళీ వస్తే మధ్యలో మూడు వర్కులు ఎగిరిపోయాయన్నమాట. అన్ని ఖాళీలూ చెడ్డవి కావు. వానలకు ట్రాక్ మూసి ఉండొచ్చు. గుర్రాన్ని వేరే సెంటర్‌కి మార్చి ఉండొచ్చు. అందుకే అదే ట్రైనర్ మిగతా గుర్రాల లైన్లు తీసి చూశాను. ఆ మూడు వారాల్లోనూ అవన్నీ మామూలుగానే పని చేశాయి. ఖాళీ దీనికొక్కదానికే. వాన కాదు, ట్రాక్ కాదు, ఈ గుర్రానికే ఏదో అయింది.

ఏమైందో నాకు అప్పుడు తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. నా లెక్క ఒక్కటే. పోయిన మూడు వర్కుల ఫిట్‌నెస్‌ని ఒక మెల్లటి అర మైలుతో, ఒక విపరీతమైన అర మైలుతో తెచ్చుకోగలదా? ఈ ట్రైనర్ గుర్రాలు బుల్లెట్లు కొట్టడం నేను ఎప్పుడో గానీ చూడలేదు. అలాంటి కొట్టంలోంచి ఉన్నట్టుండి చుక్క వచ్చిందంటే పరీక్ష ముందు రాత్రి కూర్చుని సిలబస్ మొత్తం తిరగేసినట్టు అనిపించింది. రేసుల భాషలో ఇలాంటి గుర్రాన్ని ‘షార్ట్’ అంటారు. వేగం ఉంటుంది, చివరిదాకా దమ్ము చాలదు.

బి, హెచ్ అనే రెండు అక్షరాలు

సార్ ఒప్పుకోలేదు. “హెచ్ అంటే హ్యాండిలీ కదా. అంటే సులువుగా చేసిందనేగా?” అన్నారు.

ఈ మాట దగ్గర బోల్తా పడనివాడు లేడు. రేసు ఫలితాల వర్ణనలో ‘హ్యాండిలీ గెలిచింది’ అంటే జాకీ పెద్దగా కష్టపడకుండా సులువుగా గెలిచిందని అర్థం. అదే మాట పొద్దుటి వర్కౌట్ పక్కన కనబడితే అర్థం దాదాపు తిరగబడుతుంది. అక్కడ బ్రీజింగ్, అంటే బి, కళ్లేలు పట్టుకుని గుర్రాన్ని దాని మానాన పోనివ్వడం. హ్యాండిలీ అంతకంటే ఎక్కువ శ్రమ. రైడర్ చేతులు కదిపి, తోసి, అడిగి పరిగెత్తించాడని. ఇంకా పైన డ్రైవింగ్ అని ఒకటి ఉంది, పూర్తిగా పిండేయడం. అది రిపోర్టుల్లో అరుదు.

ఇంకో మెలిక. ఈ అక్షరాలు వేసేది క్లాకర్, స్టాప్‌వాచ్ పట్టుకుని పొద్దున్నే కూర్చునే మనిషి. అది అతని చూపు మీద, ఆ ప్రాంతపు అలవాటు మీద ఆధారపడుతుంది. కాలిఫోర్నియాలో దాదాపు ప్రతి వర్కుకీ హెచ్ పడుతుంది, అది అక్కడి మామూలు. కాబట్టి అక్కడ హెచ్ చూసి ఏదో కనిపెట్టినట్టు అనుకోనక్కర్లేదు. అమెరికాలో మిగతా చాలా చోట్ల బి మామూలు. మా కేసు జరిగింది అలాంటి చోటే. ఆ పొద్దున ఆ 52 వర్కుల్లో చాలా వాటికి బి ఉంది. బి లే ఉన్న చోట హెచ్ పడిందంటే క్లాకర్ కళ్లకు రైడర్ అడగడం స్పష్టంగా కనిపించిందని లెక్క.

జపాన్‌లో ఈ సంగతినే ఉమానారి, ఇప్పాయ్ అనే మాటలతో చెబుతారు. ఉమానారి అంటే గుర్రం ఇష్టానికి వదిలేసింది, ఇప్పాయ్ అంటే ఉన్నదంతా బయటకు లాగింది. అక్కడి ట్రైనింగ్ సెంటర్లలో ఎత్తుకు ఎక్కే స్లోప్ ట్రాక్‌లుంటాయి కాబట్టి ఆ టైములు పట్టుకొచ్చి చదునైన ట్రాక్ టైములతో పోల్చకూడదు. ఇంగ్లండ్‌లో న్యూమార్కెట్ వార్రెన్ హిల్ మీద గుర్రాలు ఎక్కుతుంటే ఇలా టైములు వేసి అచ్చు వేయడం ఉండదు, చూసినవాడి మాటే ఆధారం: ‘ఆన్ ది బ్రిడిల్’ అంటే కళ్లేలకు బరువుగా, ఇంకా పస మిగిలి పరిగెత్తిందని. ఎక్కడికి పోయినా తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఆ టైము గుర్రం ఇచ్చిందా, రైడర్ లాక్కున్నాడా.

వీడియోలో చూసింది

అక్షరాన్ని నమ్మొచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఆ వర్క్ వీడియో తీసి స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. పదకొండు సార్లు చూశాను, ఫర్లాంగ్ స్తంభం దగ్గర బొటనవేలు ఆలస్యం అవుతుంటే మళ్లీ మొదటి నుంచి.

ముందొక గుర్రం ఉంది. రెండు నిడివుల (నిడివి అంటే ఒక గుర్రం పొడవు) ముందు నుంచి బయలుదేరింది. దీన్ని ‘కంపెనీలో’ పని చేయించడం అంటారు. తోడు లేకపోతే బద్ధకించే గుర్రాలకు ఎదురుగా ఒక తోక కనబడితే హుషారు వస్తుంది. మన నాలుగో నంబరు మొదటి ఫర్లాంగ్ 11 సెకన్లలో లాగేసింది. రెండోది 11.40. మలుపు దాటేసరికి తోడు గుర్రాన్ని అందుకుంది. మూడోది 12. చివరి స్తంభం దగ్గర రైడర్ మోచేతులు కదలడం మొదలైంది. మొదట చిన్నగా, తర్వాత భుజాల దాకా. కొరడా తీయలేదు గానీ ఎడమ చేత్తో మెడ మీద రెండు సార్లు రాసుకుంటూ తోశాడు. నాలుగో ఫర్లాంగ్ 12.40.

మొత్తం 46.80. టైము నిజమే. కానీ 11, 11.40, 12, 12.40 అని చదివితే ఇది దిగుతున్న మెట్లలా ఉంది. రేసు 7 ఫర్లాంగులు. ఈ మెట్లు ఇంకో మూడు దిగాలి.

అసలైన సంగతి వర్క్ అయ్యాక ఉంది. ముగింపు గీత దాటాక గుర్రం ఒక్కసారిగా ఆగదు, ఇంకో ఫర్లాంగో రెండో సాగుతుంది. దాన్ని గాలప్ అవుట్ అంటారు. రిపోర్టులో దాని టైము ఉండదు, కాబట్టి చుక్క చూసి వచ్చేవాళ్లకు ఇది తెలియదు. మా నోట్స్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చేది దీనికే. నాలుగో నంబరు తర్వాతి ఫర్లాంగ్‌కి 14.40 తీసుకుంది. తోడు గుర్రం దాన్ని దాటి ముందుకు పోయింది. రైడర్ ఆపలేదు. గుర్రమే ఆగిపోయింది.

ఇంకో చిన్న విషయం కూడా రాసుకున్నాను. పొద్దున మధ్యలో ట్రాక్‌ని కాసేపు మూసి దున్ని చదును చేస్తారు. అది తెరవగానే వెళ్లిన గుర్రాలకు అచ్చం ఇస్త్రీ చేసిన చొక్కా లాంటి ట్రాక్ దొరుకుతుంది. ఈ వర్క్ ఆ విరామం అయిన వెంటనే జరిగింది. మిగతా వాటిలో చాలావరకు గుంటలు పడిన ట్రాక్ మీద పరిగెత్తాయి.

వర్క్ టైముని చూసి మురిసిపోవడం పందెంగాళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి, కొనేవాళ్లకూ ఉంది. 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో కాల్డర్ ట్రాక్ దగ్గర జరిగిన రెండేళ్ల గుర్రాల వేలంలో ది గ్రీన్ మంకీ అనే గుర్రం వేలానికి ముందు ఒక ఫర్లాంగ్‌ని 9.8 సెకన్లలో పరిగెత్తింది. 1.6 కోట్ల డాలర్లకు పోయింది. తర్వాత దాని జీవితం మొత్తం మీద మూడే రేసులు, ఒక్కటీ గెలవలేదు. పొద్దున వెలిగిపోయి మధ్యాహ్నం వాడిపోయే గుర్రాలను అక్కడ ‘మార్నింగ్ గ్లోరీ’ అంటారు, పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కగానే ముడుచుకునే పువ్వు పేరు.

నేను ముందు పెట్టిన గుర్రం

ఏడో నంబరు పేరు చూసి ఎవరూ ఆగరు. చుక్కలు లేవు. ఆఖరి వర్క్ 5 ఫర్లాంగులు 1:01.80 బి, ర్యాంకు 19/33. పక్కన బ్రాకెట్‌లో డి అక్షరం. డి అంటే ‘డాగ్స్’. లోపలి కంచె పక్కన నేల పాడవకుండా ట్రాక్ మీద కోన్లు పెడతారు, గుర్రాలు వాటి బయటి నుంచి తిరగాలి. మలుపులో దూరం పెరుగుతుంది, టైము పెరుగుతుంది. 1:01.80 ని ఆ కోన్లతో కలిపి చదవాలి.

వీడియోలో ఫర్లాంగులు: 13, 12.60, 12.40, 12, 11.80. ఇవి ఎక్కుతున్న మెట్లు. రైడర్ నడుము వంచి కదలకుండా కూర్చున్నాడు. గాలప్ అవుట్ ఇంకో ఫర్లాంగ్ 12.60. వారం తప్పకుండా ఎనిమిది వర్కులు. ఫిట్‌నెస్‌లో దీనికి దీటైంది ఆ రేసులో లేదు. దీన్నే నంబర్ వన్‌గా పెట్టాను. ఫోన్‌లో సార్‌కి కూడా అదే చెప్పాను.

“దీని టైము చూస్తే నేను నడిచి కొట్టేట్టు ఉన్నాను తమ్ముడూ,” అన్నారు.

నేను చూడనిది

రెండో నంబరు మీద నా నోట్స్ ఇప్పటికీ ఫైల్‌లో ఉన్నాయి. మొత్తం ఒక్క వాక్యం: “పనులు సాధారణం, ప్రత్యేకం ఏమీ లేదు.”

దాని ఆఖరి మూడు వర్కులు ఇవి. 4 ఫర్లాంగులు 49.60 బి. 4 ఫర్లాంగులు 48.60 హెచ్‌జి, 14/41. 3 ఫర్లాంగులు 37 బిజి. నేను 48.60 చూశాను, 14 చూశాను, ముందుకు పోయాను. జి చూడలేదు. కళ్లకు కనబడింది, బుర్రకు ఎక్కలేదు.

జి అంటే గేట్. మామూలు వర్కులో గుర్రం స్తంభం దగ్గరికి ముందే దౌడు మీద వస్తుంది, స్తంభం దాటిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. గేట్ వర్కులో ఇనుప పెట్టెలో కదలకుండా నిలబడి, తలుపు తెరుచుకోగానే సున్నా నుంచి వేగం అందుకోవాలి. మొదటి ఫర్లాంగ్‌లోనే సెకనో ఇంకొంచెం ఎక్కువో పోతుంది. కాబట్టి 48.60 జి ని మిగతా 40 గుర్రాల పక్కన పెట్టి 14వ ర్యాంకు అనడం, నిలబడి దూకినవాడిని పరిగెత్తుకొచ్చి దూకినవాళ్లతో కొలిచినట్టు. ఆ సెకను తీసేస్తే 47.60 చుట్టుపక్కల ఉంటుంది. అది మామూలు వర్క్ కాదు.

టైము సవరించుకోకపోవడం చిన్న తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. ఇప్పటికే రేసులు పరిగెత్తిన గుర్రాన్ని వారం తేడాతో రెండు సార్లు గేటు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లారని అడగలేదు. మొదటి రేసుకు సిద్ధమయ్యే గుర్రానికైతే గేట్ వర్క్ తప్పదు, అందులో వార్త లేదు. ఇది నాలుగేళ్లది. దాని గత రేసు చార్ట్ నా ముందే ఉంది: గేటు దగ్గర తల పక్కకు తిప్పి ఉండగా తలుపు తెరుచుకుంది, నాలుగు నిడివులు వెనకబడింది, అయినా చివరికి నాలుగో స్థానానికి వచ్చింది. ట్రైనర్ ఆ ఒక్క రోగానికే మందు వేస్తున్నాడు. వర్కౌట్ లైన్‌లో ఆ మందు పేరు రాసి ఉంది, ఒక్క అక్షరంలో.

నాలుగో నంబరు దగ్గర నేను ‘ఈ వర్క్ ఎందుకు చేయించారు’ అని అడిగాను, జవాబు దొరికింది. రెండో నంబరు దగ్గర ‘ఎంతలో చేసింది’ అని మాత్రమే అడిగాను. సార్ చుక్క చూసి చేసిన పనే నేను చుక్క లేదని చేశాను.

రేసు

గేటు తెరుచుకోగానే నాలుగో నంబరు ముందుకు దూకింది. మొదటి అర మైలు 45.20. దాని పక్కనే, ఒక నిడివి వెనక, రెండో నంబరు ఉంది. ఈసారి తల నిటారుగా పెట్టుకుని శుభ్రంగా బయటపడింది. అది చూడగానే నాకు విషయం అర్థమైంది, కానీ నోట్స్ ముందు రోజే అందరికీ వెళ్లిపోయాయి.

ఆఖరి మలుపు తిరిగి నేరుగా వచ్చే దాకా నాలుగో నంబరు అలాగే ఉంది. చివరి ఫర్లాంగ్ స్తంభం దగ్గర జాకీ మోచేతులు కదిలాయి, వీడియోలో చూసినట్టే. అక్కడి నుంచి దాని నడక కురచగా మారింది. అయిదో స్థానం. రెండో నంబరు ఒకటిన్నర నిడివి తేడాతో గెలిచింది, ఆడ్స్ 8-1. ఏడో నంబరు బయటి నుంచి ఉరుకుతూ వచ్చి రెండో స్థానంలో నిలిచింది. ఇంకో ఫర్లాంగ్ ఉంటే గెలిచేదేమో. కానీ లేదు.

ఏడో నంబరు దగ్గర కూడా ఒక పాఠం జారవిడుచుకున్నాను. దాని చివరి ఫర్లాంగులు చూసి ముచ్చటపడ్డాను గానీ మొదటి ఫర్లాంగ్ 13 సెకన్లన్న సంగతి పక్కన పెట్టాను. ఒక మైలు దాటిన రేసైతే అది లోపం కాదు. 7 ఫర్లాంగుల రేసులో అలా నిదానంగా మొదలుపెట్టే గుర్రం ముందున్నవి అలసిపోవాలని ఎదురుచూడాల్సిందే. నాలుగో నంబరు అలసింది, రెండో నంబరు అలసిపోలేదు.

సాయంత్రం మళ్లీ ఫోన్.

“నా నాలుగు పోయింది సరే. నీ ఏడు కూడా గెలవలేదుగా తమ్ముడూ?”

“లేదు సార్. రెండో నంబరు నేనే వదిలేశాను.”

కాసేపు అవతలి నుంచి మాట లేదు. ఆయన కూడా ఏదో ఒకటి అనాలని చూసి మానుకున్నట్టున్నారు.

ఆ తర్వాత

రేసయ్యాక ట్రైనర్ ఎవరికో చెప్పగా తెలిసింది, నాలుగో నంబరుకి ముందు కాలు గిట్ట కింద కమిలిందట. పది రోజులు కొట్టం చుట్టూ నడిపించడం తప్ప ఏమీ చేయలేదట. 23 రోజుల ఖాళీ అక్కడిది.

నా షీట్‌లో రెండు మార్పులు చేశాను. ప్రతి వర్క్ లైన్ పక్కన ‘ఎందుకు’ అనే గడి పెట్టాను. ఖాళీగా వదలడానికి వీల్లేదు, కనీసం ‘మామూలు నిర్వహణ’ అనైనా రాయాలి. బాగా ఫిట్‌గా ఉన్న గుర్రాన్ని రేసుల మధ్య తుప్పు పట్టకుండా ఉంచే మెల్లటి వర్కులు చాలా ఉంటాయి, వాటికి అదే జవాబు. రేసుకు ఒకటి రెండు రోజుల ముందు 3 ఫర్లాంగులు జోరుగా వదిలితే ‘బ్లో అవుట్’, ఊపిరి తెరవడానికి. రెండోది, గేట్ వర్కులను మామూలు వర్కుల జాబితాలోంచి తీసేసి వేరే జాబితా చేశాను. ర్యాంకు గడి వాటికి లేదు. పక్కన గత రేసు చార్ట్‌లో ఆ గుర్రం గేటులోంచి ఎలా బయటపడిందో రాసుకుంటాను. మొదటి నెలలోనే ఈ జాబితా విసుగు పుట్టించింది, ఎందుకంటే పదింటిలో ఏడు గేట్ వర్కులు ఇంకా రేసు పరిగెత్తని గుర్రాలవే. మిగతా మూడింటి కోసం ఓపిక పట్టాలి.

నాలుగో నంబరు 26 రోజుల తర్వాత మళ్లీ పరిగెత్తింది. ఆలోపు మూడు వర్కులు, వారం వారం తప్పకుండా: 4 ఫర్లాంగులు 49.20 బి, 5 ఫర్లాంగులు 1:01.40 బి, 4 ఫర్లాంగులు 48.80 బి. చుక్కల్లేవు. చివరి వర్కులో రైడర్ చేతులు కదల్లేదు, గాలప్ అవుట్ ఫర్లాంగ్ 13 లోపే ముగించింది. నోట్స్‌లో దాన్ని నంబర్ వన్‌గా పెట్టాను. ఆడ్స్ 7-1. ముక్కు తేడాతో రెండో స్థానంలో వచ్చింది.

సార్ దాని మీద ఈసారి కాయలేదు. ఎందుకని అడిగాను.

“చుక్క లేదు కదా తమ్ముడూ,” అన్నారు.